పొరుగువాడికి మన అవసరం ఉందా?

1527 ఆగస్టులో జర్మనీలోని విట్టెన్‌బర్గ్ పట్టణంలో ప్లేగు తెగులు ప్రబలింది. అక్కడి విశ్వవిద్యాలయాన్ని యేనా పట్టణానికి తరలిస్తూ మార్టిన్ లూథర్‌ను కూడా వెళ్లిపొమ్మని సాక్సనీ పాలకుడు ఆదేశించాడు. లూథర్ వెళ్లలేదు. భార్య కేథరిన్ అప్పటికి గర్భవతి. అయినా పాస్టర్ బుగెన్‌హాగెన్‌తో కలిసి రోగుల మధ్యే ఉండిపోయాడు. ఆయన ఇల్లే ఆసుపత్రిగా మారింది. ప్రాణాంతకమైన తెగులు వస్తే విశ్వాసి పారిపోవచ్చా అని బ్రెస్లావు పట్టణ పాస్టర్లు అడిగిన ప్రశ్నకు ఆయన ఆ ఏడాదే జవాబు రాసి ప్రచురించాడు.

ప్లేగుకు కారణమైన సూక్ష్మజీవిని యెర్సిన్ అనే శాస్త్రవేత్త హాంకాంగ్‌లో కనుగొన్నది 1894లో. అంటే లూథర్‌కు రోగకారణం తెలియదు. అయినా మందులు వాడమన్నాడు, ఇళ్లలో పొగ వేయమన్నాడు, పొరుగువాడికి మన అవసరం లేని చోటికి వెళ్లొద్దన్నాడు. దేవుడే కాపాడతాడంటూ మందు మానేయడం విశ్వాసం కాదు, దేవుణ్ణి శోధించడమేనన్నాడు. దేవాలయ శిఖరం మీద నుంచి దూకమన్న సాతానుకు యేసుప్రభువు ఇచ్చిన జవాబు కూడా ఇదే కదా! (మత్తయి 4:5-7).

మరి వెళ్లిపోవచ్చా? రోగుల్ని చూసుకునేవారు తగినంత మంది ఉంటే వెళ్లొచ్చు. కానీ పాస్టరు, అధికారి, వైద్యుడు తమ బాధ్యతను వదిలి వెళ్లకూడదు. ఒక రోగికి మనం తప్ప దిక్కు లేకపోతే మనమూ కదలకూడదు. మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టి, అంతటితో ఆగక క్షతగాత్రుణ్ణి సత్రానికి చేర్చాడు (లూకా 10:34). ప్రథమ చికిత్స, ఆ వెంటనే సరైన చోటికి చేర్చడం, రెండూ ప్రేమే! కోవిడ్ రోజుల్లో ఆయాసం పైకి కనిపించకుండానే కొందరి రక్తంలో ఆక్సిజన్ పడిపోయింది. ఆక్సిమీటర్‌లో అంకె 94 కన్నా దిగగానే రోగిని ఆసుపత్రికి చేర్చినవారు ఆనాటి సమరయులు. ఇంట్లోనే ఉంచి ప్రార్థిస్తే చాలనుకోవడం ప్రేమ కాదు.

ఇక కోలుకున్నవారి సంగతి. వారు కూడా అవసరమైతే తప్ప ఇతరులను దగ్గరికి రానివ్వొద్దని లూథర్ రాశాడు. మోషే ధర్మశాస్త్రంలోనూ కుష్ఠు నయమైనవాడు పాళెంలోకి వచ్చాక ఏడు రోజులు తన గుడారం బయటే ఉండాలి (లేవీ 14:8). మన దేశంలో 2020 మే నెలలో వచ్చిన నిబంధన ప్రకారం, స్వల్ప లక్షణాలున్నవారిని పది రోజుల తర్వాత, చివరి మూడు రోజులు జ్వరం లేకపోతే, మళ్లీ పరీక్ష చేయకుండానే ఇంటికి పంపారు. పరీక్ష లేకుండా ఎలా పంపుతారని చాలామంది భయపడ్డారు. అలాంటివారి నుంచి పది రోజుల తర్వాత సాధారణంగా వ్యాధి అంటదు. నిర్జీవమైన వైరస్ అవశేషాల వల్ల పరీక్షలో మాత్రం కొన్ని వారాలు పాజిటివ్ రావచ్చు. వైద్యశాస్త్రం ఇచ్చిన జవాబు ఇది. అయినా ఎందరికో ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకోలేదు. అద్దె ఇళ్లు ఖాళీ చేయమన్నారు. రోగం పోయినా వెలి పోలేదు!

కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. కానీ తెగుళ్ల చరిత్ర అంతటితో ముగియలేదు. మరొకటి వచ్చినప్పుడు మనం వైద్యుల మాట వినాలి, అవసరంలో ఉన్నవారిని విడిచిపోకూడదు. కుష్ఠురోగి బాగుపడ్డాడేమో చూడడానికి యాజకుడే పాళెం వెలుపలికి నడిచి వెళ్లాలన్నది దేవుని ఆజ్ఞ (లేవీ 14:3). కోలుకున్నవాడు వచ్చి తలుపు తట్టేదాకా ఆగకుండా సంఘ పెద్దలే అతని గడపకు వెళ్లి, ఆరాధనకు వెంటబెట్టుకుని రావాలి.