కాల్‌షీటు ఇవ్వని తారలు!

హీరోయిన్ కాల్‌షీటు దొరకదని వాపోయే నిర్మాతలు ఒక్కసారి బొర్రా రావాలి! గుహల చుట్టూ ఉన్న అనంతగిరి అడవుల్లో రీటేకు ఒప్పుకోని తారలున్నాయి మరి.

తేనెపిట్టనే తీసుకోండి. పట్టుమని పది గ్రాములుండదు. పువ్వు మీద వాలినట్టే వాలి, ఫోకస్ కుదిరేలోగా తుర్రుమంటుంది. సినిమా కెమెరా సెకనుకు 24 ఫ్రేములు తీస్తుంది కదా? ఈ రెక్కలు చెదరకుండా పడాలంటే షట్టర్ సెకనులో వెయ్యోవంతు కూడా తెరిచి ఉండకూడదు. చెట్ల నీడలో అంత వెలుతురేదీ? అందుకే నేను పిట్ట వెంట పరుగెత్తను. ఎండ పడే పూలచెట్టు దగ్గర పొద్దున్నే కూర్చుంటాను. తేనె కోసం అదే మళ్ళీ వస్తుంది.

పొదల్లో నక్కే గోధుమరంగు పిట్ట మరొకటుంది. తూర్పు కనుమల్లోని దాని ఉపజాతికి 1985లో రిప్లీ, బీలర్ అనే శాస్త్రజ్ఞులు విశాఖ పక్షి పరిశోధకుడు కృష్ణరాజు గారి పేరు పెట్టారు. పేరొచ్చినా బయటికి రాదు సుమండీ!

దగ్గరి దారి లేకపోలేదు. సెల్‌ఫోనులో దాని కూతే వినిపిస్తే, తన హద్దులోకి శత్రువొచ్చాడని ముందుకు దూకుతుంది. ఫోటో దొరుకుతుంది. కానీ ఆ కాసేపూ మేత మాని లేని శత్రువుతో పోరాడుతుంది. గూట్లో పిల్లలుంటే వాటికి పస్తే!

ఒక్క బొమ్మ కోసం అంత పారితోషికం ఆ పిట్ట చేత కట్టించడమా? నేనైతే ఖాళీ కెమెరాతోనే కొండ దిగుతాను.