ఊడ దిగితేనే కాయ

అనంతపురం ఎర్రనేలల్లో వేరుశనగ చేను చూశారా? పూత వచ్చిన కొద్ది రోజులకు కణుపుల నుంచి సన్నని పుల్లల వంటివి కిందికి దిగుతాయి. వీటిని ఊడలంటారు. ఊడ నేలలో దిగితేనే కాయ. ఆ సమయంలో వాన మొగం చాటేసి నేల గట్టిపడిందా, ఊడ మొన మట్టిలో దూరలేక పైనే ఎండిపోతుంది. మొక్క పచ్చగానే ఉన్నా, పీకి చూస్తే కాయలుండవు. ఎందుకంటారు?

ఊడ కొనలో అండాశయం ఉంది. అందులోని పిండం కొద్దిపాటి కణాలు కాగానే విభజన ఆపేస్తుంది. దాని వెనకనున్న కణాలు మాత్రం విభజన చెందుతూ ఊడను పొడిగిస్తుంటాయి. ఒకచోట పని, పక్కనే విరామం! నేలలోని చీకటి, తేమ, మట్టి ఒరిపిడి దొరికాకనే పిండం మళ్ళీ పెరుగుతుంది, కాయ ఊరుతుంది.

కణం ఏ దిక్కున విభజన చెందుతుందన్నది కూడా ముఖ్యమే. మన రక్తంలోని తెల్లకణాల్లా మొక్క కణాలు తిరగలేవు. గోడలోని ఇటుకల్లా, పెక్టిన్ అనే జిగురుతో ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కొత్త గోడలు అడ్డంగా పడితే ఊడ పొడవవుతుంది. నిలువుగా పడితే లావవుతుంది. మరి గోడ ఎక్కడ పడాలో ఎలా తెలుస్తుంది? కణంలో సూక్ష్మనాళికలనే సన్నని ప్రోటీన్ గొట్టాలున్నాయి. విభజనకు ముందు అవి కణత్వచం కింద మొలతాడులా చుట్టుకుంటాయి. పికెట్-హీప్స్, నార్త్‌కోట్ అనే శాస్త్రజ్ఞులు 1966లో గోధుమ కణాల్లో దీన్ని వర్ణించారు. విచిత్రమేమంటే, క్రోమోజోములు విడిపోయే వేళకు ఆ కట్టు మాయమవుతుంది. అయినా కొత్త గోడ వచ్చి సరిగ్గా అది ఉన్నచోటే అతుకుతుంది! దర్జీ సుద్దగీత గీసి, చెరిపేసి, మళ్ళీ అక్కడే కత్తెర పెట్టినట్టు.

జంతుకణాల తీరు వేరు. మన చర్మకణాలను గాజు పళ్ళెంలో పెంచితే, అడుగును పట్టుకుంటేనే విభజనకు సిద్ధమవుతాయి; తీరా ఆ వేళకు పట్టు సడలించి గుండ్రమవుతాయి.

ఇక చేనికి వద్దాం. ఊడలు దిగేటప్పుడు జిప్సం వేస్తారు కదా! అందులోని కాల్షియమే పెక్టిన్ జిగురును గట్టిపరిచేది. వేళ్ళు పీల్చిన కాల్షియం నీటితోపాటు ఆకులకు పోతుంది. కాయకు దాదాపు రాదు. కాయ తన పొట్టుతోనే మట్టి నుంచి పీల్చుకోవాలి. తేమ లేకపోతే జిప్సం కరగదు, కాయ తాలుపోతుంది. అంటే ఒక్క వాన తప్పితే దెబ్బ రెండు వైపులా!

ఈసారి చేనికి వెళ్ళినప్పుడు పెద్దల నడిగి ఒక మొక్క పీకండి. నేలలో దిగిన ఊడలెన్ని, వేలాడేవెన్ని? బాగా పై కణుపుల నుంచి వచ్చినవాటిని వేరుగా రాసుకోండి. అవి మంచి వానలు పడిన ఏడు కూడా నేలను చేరేది అరుదు.