వార్తల్లో పదం: కనిష్క పేలుడు

పంజాబ్‌లో వేర్పాటువాద హింస రగులుతున్న కాలం. 1985 జూన్ 23న మాంట్రియల్ నుంచి లండన్ మీదుగా ఢిల్లీకి రావలసిన ఎయిరిండియా 182వ నంబరు విమానం ‘కనిష్క’ను ఐర్లండ్ తీరానికి దూరంగా, అట్లాంటిక్ మీద వేర్పాటువాదులు బాంబుతో పేల్చేశారు. 329 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది భారత మూలాలున్న కెనడా పౌరులే. అయినా కెనడా చాలాకాలం దీన్ని పరాయి దేశపు విషాదంగానే చూసింది. అది క్షమించరాని నిర్లక్ష్యం.

బాంబున్న సూట్‌కేసును వాంకూవర్‌లో ఓ అనుసంధాన విమానంలో ఎక్కించారు, దాన్ని అప్పగించిన మనిషి మాత్రం విమానం ఎక్కలేదు. అదే రోజు అలాంటిదే ఇంకో సూట్‌కేసు జపాన్‌లోని నరిటా విమానాశ్రయంలో పేలి ఇద్దరు సామాను కార్మికులు చనిపోయారు. దర్యాప్తుకు దారి చూపింది ఆ నరిటా శకలాలే. అక్కడ దొరికిన సాన్యో ట్యూనర్ ముక్కలు బ్రిటిష్ కొలంబియాలో ఉండే ఇంద్రజిత్ సింగ్ రేయత్ దాకా తీసుకెళ్లాయి.

అనుమానితుల సంభాషణలు రికార్డు చేసిన వందల టేపులను కెనడా నిఘా సంస్థే చెరిపేసింది. 2005లో ఇద్దరు నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. శిక్ష పడింది రేయత్ ఒక్కడికే.