మీకు తెలుసా? మెటల్ సంగీతానికి ఆలస్యంగా అందే గౌరవం

గ్రామీ పురస్కారాల్లో హార్డ్ రాక్, మెటల్ సంగీతానికి తొలిసారి ఒక విభాగం పెట్టింది 1989లో. గెలుపు మెటల్ బృందం మెటాలికాదేనని చాలామంది అనుకుంటే, వేణువుతో పేరు తెచ్చుకున్న జెత్రో టల్‌ను వరించింది. జెత్రో టల్ గొప్ప బృందమే, అందులో సందేహం లేదు. లోపమల్లా ఈ సంగీతంతో పెద్దగా పరిచయం లేని గ్రామీ సంస్థ సభ్యులూ ఓటేయగలిగిన పద్ధతిది. విమర్శలు రేగాక మరుసటి ఏడాదే ఆ విభాగాన్ని రెండుగా విడదీశారు. మోటర్‌హెడ్ బృందానిది ఇంకా బాధ కలిగించే సంగతి: 2005లో వాళ్లకు దక్కిన ఒకే ఒక్క గ్రామీ సొంత పాటకు కాదు, మెటాలికా పాటను తమ తీరులో పాడినందుకు.

రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో తొలి రికార్డు వచ్చిన 25 ఏళ్లకు అర్హత వస్తుంది. 1970లో మెటల్‌కు పునాది వేసిన బ్లాక్ సబాత్‌ను చేర్చుకున్నది 2006లో. 1968లో మొదలైన డీప్ పర్పుల్‌నైతే 2016లో. వినేవాళ్లు తక్కువ కాబట్టే ఇలా అన్న వాదన నిలవదు. మెటాలికా 1991 ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే కోటీ 60 లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. తర్వాత ఆ బృందానికి గ్రామీలు చాలానే వచ్చాయి, నిజమే. అయితే ఏడాది మేటి ఆల్బమ్ పురస్కారం ఇప్పటిదాకా ఏ మెటల్ ఆల్బమ్‌కూ రాలేదు.