కోవిడు రోగుల ప్రాణాపాయమును ముందుగా లెక్కించు విధము

వ్యాధి ముదిరిన రోగిని ఆసుపత్రికి గొనివచ్చిన బంధువులు వైద్యుని మొట్టమొదట నడుగు ప్రశ్న "బ్రతుకునా?" యనునదియే. పూర్వపు వైద్యుడు నాడి చూచి, నాలుక చూచి, ముఖవర్ణమును బరికించి, తన యనుభవమునుబట్టి యుత్తర మిచ్చెడివాడు. 2020వ సంవత్సరమున కరోనా వైరస్ వ్యాధి లోకమంతట వ్యాపించినప్పుడు అట్టి యనుభవము గల వైద్యు డెచ్చటను లేకుండెను. వ్యాధియే క్రొత్తది. రోగులు వందలకొలది వచ్చుచుండిరి, ప్రాణవాయువును, ఐ.సి.యు. మంచములును, దాదులును చాలకుండిరి. ఎవరిని వెంటనే చేర్చుకొనవలెను, ఎవరి నింటికి బంపవచ్చును అను నిర్ణయము గడియలలో జరుగవలసివచ్చెను. ఇందులకు సాయపడుటకై శాస్త్రజ్ఞులు కొన్ని లెక్కలు కట్టిరి. ఆ లెక్క లెట్టివో, అవి యెంతవఱకు నమ్మదగినవో యిచ్చట వివరింతును.

మొదటి యాధారములు చైనాదేశమునుండి వచ్చినవి. వుహాన్ నగరమందలి రెండాసుపత్రులలో 191 మంది రోగుల వృత్తాంతమును పరిశీలించి యచ్చటి వైద్యులు 2020 మార్చిలో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిరి. వారిలో 137 మంది యిల్లు చేరిరి. 54 మంది మరణించిరి. వయస్సు మీఱినవారికిని, పెక్కవయవములు చెడుచున్న గుఱుతులు గలవారికిని, నెత్తురు గడ్డకట్టుటను దెలుపు డి-డైమర్ అను పదార్థము హెచ్చుగా నున్నవారికిని అపాయ మధికమని వారు కనుగొనిరి. ఐతే నాటికి నింకను ఆసుపత్రిలోనే యున్న రోగులను వారు లెక్కలోనికి దీసికొనలేదు. పరీక్ష ముగియకముందే లేచిపోయిన విద్యార్థుల పత్రములను మాత్రమే దిద్ది, తరగతి యంతటికిని సగటు మార్కులు కట్టిన నెట్లుండునో యోచింపుడు. కావున 191లో 54 అను పాలును వ్యాధియొక్క మరణసంఖ్యగా భావింపరాదు.

ఇంతకంటె విస్తారమైన పని బ్రిటనులో జరిగెను. ఇంగ్లాండు, స్కాట్లాండు, వేల్సు దేశములందలి 260 ఆసుపత్రులలో 2020 ఫిబ్రవరి మొదలు మే 20 వఱకు చేరిన 35,463 మంది రోగుల వివరములనుండి "4సి మోర్టాలిటీ స్కోరు" అను గణన మేర్పడెను. తరువాత జూన్ కడపటివఱకు చేరిన వేఱు 22,361 మందిపై దానిని పరీక్షించి, సెప్టెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ పత్రికయందు ప్రకటించిరి. ఒకరినుండి నేర్చిన పాఠమును వేఱొకరియందు పరీక్షించుట యీ పనియందలి ముఖ్యగుణము.

ఈ గణనము మన పరీక్షల మార్కులవంటిదే. కాని యిచ్చట మార్కులు తక్కువగా వచ్చుటయే మేలు. ఎనిమిది విషయములకు 0 మొదలు 21 వఱకు మార్కు లుండును. వయస్సునకు 50 ఏండ్లలోపు సున్న, అటుపిమ్మట 2, 4, 6 అని పెరుగుచు, 80 దాటినచో 7. పురుషునకు 1. గుండెజబ్బు, మధుమేహము, మూత్రపిండవ్యాధి, స్థూలకాయము మొదలగువానిలో నొకటి యున్నచో 1, రెండుగాని యంతకుమించిగాని యున్నచో 2. శ్వాసలు నిమిషమునకు 20 మొదలు 29 వఱకైన 1, 30 ముట్టినచో 2. రక్తమున ప్రాణవాయువు నూటికి 92కు తగ్గినచో 2. తెలివి మందగించినచో 2. యూరియా లీటరునకు 7 మిల్లీమోల్ మొదలు 14 వఱకైన 1, అది దాటినచో 3. సి-రియాక్టివ్ ప్రోటీన్ లీటరునకు 50 మిల్లీగ్రాములు ముట్టినచో 1, 100 ముట్టినచో 2.

వీనిలో వయస్సునకే యెక్కువ మార్కు లుండుట చూడుడు. తక్కిన వానియందు నాకు మిక్కిలి యాశ్చర్యము గొల్పునది శ్వాసల లెక్క. దానికి యంత్ర మక్కఱలేదు. చేతి గడియారమును, ఓపికయు నున్న జాలును. రోగికి దెలియకుండ నతని ఱొమ్ము లేచి పడుటను నిండు నిమిషము లెక్కింపవలెను. తన్ను లెక్కించుచున్నారని తెలిసినచో శ్వాస మాఱిపోవును. సుఖముగా నున్న పెద్దలకు నిమిషమునకు 12 మొదలు 20 వఱకు శ్వాస లుండును. ఊపిరితిత్తులు చెడినకొలది శరీరము వేగముగా నూపిరి పీల్చి లోటు తీర్చుకొనజూచును. ఐనను కొందఱు కోవిడు రోగులు ప్రాణవాయువు మిక్కిలి తగ్గియు ఆయాసము తోపక, మాటలాడుచు కూర్చుండిరి. అందుచేత వేలికి దగిలించు పల్స్ ఆక్సీమీటరు అనేకులకు ప్రాణదాత యయ్యెను. దాని మూలసూత్రమును 1974లో జపానుదేశమున ప్రకటించిన ఇంజనీరు టకువో అయోయగి, ఆ చిన్న యంత్రము లోకమంతట నింటింట వెదకబడుచున్న 2020 ఏప్రిల్ 18వ తేదీననే కాలధర్మము నొందెను.

సి-రియాక్టివ్ ప్రోటీన్ శరీరమున వాపు మంట లేర్పడినప్పుడు కాలేయము పుట్టించు పదార్థము. దీనిని 1930లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లరు పరిశోధనాలయమున టిల్లెట్, ఫ్రాన్సిస్ అను వైద్యులు న్యుమోనియా రోగుల రక్తమునందే కనుగొనిరి. యూరియా పెరుగుట మూత్రపిండములు తమ పని చేయలేకున్నవని తెలుపును. తెలివి మందగించుటకు వ్యాఖ్యాన మక్కఱలేదు.

ఒక యుదాహరణము. 64 ఏండ్ల పురుషుడు, మధుమేహము గలవాడు, శ్వాసలు 26, ప్రాణవాయువు 90, తెలివి చక్కగా నున్నది, యూరియా 8, సి-రియాక్టివ్ ప్రోటీన్ 120. వరుసగా 4, 1, 1, 1, 2, 0, 1, 2, మొత్తము 12. మధుమేహము లేని 34 ఏండ్ల స్త్రీకి తక్కిన గుఱుతు లన్నియు నివియే యైనచో మొత్తము 6 మాత్రమే. పరీక్షింపబడిన రోగులలో 3లోపు మార్కులవారు నూటికి ఒక్కరును, 4 మొదలు 8 వఱకు వచ్చినవారు సుమారు 10 మందియు, 9 మొదలు 14 వఱకు వచ్చినవారు 31 మందియు, 15గాని యంతకుమించిగాని వచ్చినవారు 62 మందియు మరణించిరి.

మన పురుషుని మార్కులు 12 గదా, అతడు చనిపోవునా? ఈ ప్రశ్నకు గణనము ఉత్తర మీయదు. అతనివంటి నూర్గురలో సుమారు 31 మంది చనిపోయిరనియు, 69 మంది యింటికి బోయిరనియు మాత్రమే చెప్పును. అతడు ముప్పదియొకరిలోనివాడో, అఱువదితొమ్మండ్రలోనివాడో తెలుపు గుఱుతు ఆ యెనిమిదింటిలో లేదు. చనిపోయిన వా రొకరిని, బ్రతికిన వా రొకరిని తీసి జతచేసినచో, నూఱు జతలలో 77 జతలందు చనిపోయినవారికే యెక్కువ మార్కులు వచ్చినవి. కన్నులు మూసికొని యెంచినను 50 జతలు సరిపోవును. కావున గణనము గుడ్డి యూహకంటె చాల మేలైనది. ఐనను జోస్యము గాదు. నూటికి అఱువదిరెండు అను మాట విని యొకని మీద నాశ వదలుకొనువాడు, తక్కిన ముప్పదియెనమండ్రను మఱచినవాడు.

వేఱొక గణనమునకు బట్టిన గతియు తెలియదగినది. వుహాన్ నగరపు టోంగ్జీ ఆసుపత్రిలోని 485 మంది రోగుల వివరములనుండి, మూడు రక్తపరీక్షలతోనే మరణమును పదిదినములు ముందుగా నూటికి తొంబదిపాళ్లకు మించి సరిగా చెప్పవచ్చునని 2020 మే నెలలో నొక బృందము ప్రకటించెను. ఎంత సులభము! కాని నెదర్లాండ్సు, ఫ్రాన్సు దేశములందును, న్యూయార్కునందును దానిని పరీక్షింపగా ఆ నిర్దుష్టత నిలువలేదు. ఆ రోగులలో నించుమించు సగము మంది మరణించినవారు. అన్ని యూళ్ల యాసుపత్రులు నట్టివి గావు. మఱియు నాచార్యులు గణనమును నేర్పుటకు దీసికొన్నది ప్రతిరోగియొక్క కడపటి రక్తపరీక్ష. చావునకు జేరువలో దీసిన రక్తము చావును దెలుపుటలో వింత యేమున్నది? వైద్యునకు గావలసినది రోగి గడప దాటి లోనికి వచ్చిననాటి మాట.

కొలుచు యంత్రములును గొన్నియెడల మోసపుచ్చును. పల్స్ ఆక్సీమీటరు చర్మముగుండ వెలుతురును బంపి లెక్కగట్టునది గనుక, చర్మపు రంగునుబట్టి కొంత తప్పును. 2020 డిసెంబరులో అమెరికాలో ప్రకటింపబడిన పరిశీలనయందు, యంత్రము 92 మొదలు 96 వఱకు చూపినప్పటికి నిజముగా 88కి లోబడియుండుట తెల్లవారియందు నూటికి 3.6 పర్యాయములును, నల్లవారియందు 11.7 పర్యాయములును గనబడెను. చామనచాయవారము మనమును దీని నెఱిగియుండుట మంచిది. యంత్రపు సంఖ్య బాగుగనే యున్నను, రోగి యాయాసపడుచున్నచో రోగినే నమ్మవలెను.

ఇంతకును నపాయమును ముందెఱుగుటవలన లాభమేమి? 2020 జూన్ 16న బ్రిటనులోని రికవరీ పరిశోధకులు డెక్సామెథసోన్ అను చౌకయైన పాతమందును గుఱించి ప్రకటించిన ఫలిత మిందుల కుత్తరము. వెంటిలేటరుపై నున్నవారిలో ఆ మందు పొందనివారు 28 దినములలో నూటికి 41 మంది మరణింపగా, పొందినవారు 29 మందియే మరణించిరి. ప్రాణవాయువు మాత్రము పొందుచున్నవారిలో 26 మందికి బదులు 23 మంది. కాని ప్రాణవాయువే యక్కఱలేని రోగులకు లాభము గనబడలేదు; కీడు కలుగునేమో యను శంకయు గలిగెను. మందొక్కటియే, ఎవరి కీయవలెనను వివేచనము రోగియొక్క తీవ్రతనుబట్టి యుండును. 4సి కర్తలు 3లోపు వారిని ఇంటియొద్దనే చూడవచ్చుననియు, 8లోపు వారిని వార్డులో కనిపెట్టియుండవచ్చుననియు, 9గాని యంతకుమించిగాని వచ్చినవారికి స్టీరాయిడ్లు మొదలగు బలమైన చికిత్సను, తగినచో ఐ.సి.యు. ప్రవేశమును త్వరగా జరుపవచ్చుననియు సూచించిరి.

ఆ లెక్కలకు మూలమైన రోగులలో నెవరికిని టీకా యుండలేదు. మొదటి నెలలలో డెక్సామెథసోన్ వాడుకయు లేదు. టీకాలు వచ్చి, వైరస్సు రూపములు మాఱి, 2023 మే 5న ప్రపంచ ఆరోగ్యసంస్థ అత్యవసరస్థితి ముగిసినదని ప్రకటించునాటికి, 12 మార్కులు వచ్చిన రోగికి 2020 వసంతమున నుండిన యపాయమే యుండునని యనుకొనుటకు వీలులేకపోయెను. కావుననే యిట్టి గణనమును క్రొత్త కాలమునకు వాడబోవువారు మొదట తమ యాసుపత్రిలోని రోగులతో దానిని సరిచూచుకొని, సంఖ్యలను దిద్దుకొనుచుందురు.