లారీలు చాలవా, వాకిలి చాలదా?

యాసంగి కోతల కాలమున తెలంగాణ జిల్లాలలో ధాన్యము కొనుగోలు కేంద్రములకు పోయినచో తరచుగా ఒకే దృశ్యము కనబడును. ధాన్యము ఆరినది, తేమ 17 శాతమునకు దిగినది, కాంటా పూర్తియైనది, బస్తాలు కుట్టి పేర్చినారు. కాని లారీ రాదు. ఏప్రిల్, మే నెలలలో సాయంకాలపు గాలివానలు మనకు క్రొత్త కావు. ఒక్క పెద్ద జల్లు కురిసినచో అడుగు బస్తాలు తడిసి మొలకెత్తును. తేమ మరల పెరిగిన ధాన్యమును దించుకొనుటకు మిల్లువారు వెనుకాడుదురు. పండించినవాని కష్టమంతయు ఆ ఒకటి రెండు దినముల ఆలస్యముపై ఆధారపడియుండును.

అట్టి సమయమున "లారీలు చాలుట లేదు" అను మాట అందరి నోటను వినవచ్చును. మరికొన్ని లారీలు పెట్టుడని కోరుదురు. కాని ఉన్న లారీలు ఆ సమయమున ఎచ్చట నున్నవి? అనేకము మిల్లు వాకిట బారులు తీరి నిలిచియున్నవి. ఈ బారునకు ఒక గణితము కలదు. అది భాగహారమునకు మించినది కాదు.

ఒక మిల్లు రేయింబవళ్ళు పనిచేయుచున్నదనియు, హమాలీలు ఒక లారీ సరుకు దించుటకు సగటున ఒక గంట పట్టుననియు అనుకొందము. అనగా దినమునకు 24 లారీలను దించుకొను శక్తి దానికి కలదు. దినమునకు 23 లారీలు వచ్చుచున్నవి. శక్తి 24, అవసరము 23. ఇక చిక్కేమున్నది అనిపించును. లారీలు గడియారము చూచుకొని గంటకొకటి చొప్పున వచ్చి, ప్రతి లారీకి సరిగా గంటయే పట్టినచో నిజముగా చిక్కు లేదు. కాని లారీలట్లు రావు. ఒకప్పుడు మూడు ఒక్కసారిగా వచ్చును. ఒకప్పుడు రెండు గంటలు ఏదియు రాదు. ఒక లారీ నలుబది నిమిషములలో ఖాళీయగును. మరియొక దాని బస్తాలు చినిగి గంటన్నర పట్టును. ఏ లారీయు రాని గంటలో హమాలీలు ఊరక కూర్చుందురు. ఆ గంటను దాచుకొని, మూడు లారీలు వచ్చినప్పుడు వాడుకొనుటకు వీలు లేదు. కిటుకంతయు ఇచ్చటనే యున్నది. పోయిన గంట పోయినట్లే. వచ్చిన లారీ మాత్రము నిలిచియుండును.

రాకయు, దించు కాలమును ఇట్లు క్రమము లేకయున్నప్పుడు సగటున ఎంతసేపు నిలువవలెనో తెలుపు సూత్రము సులభమైనది. దినమునకు వచ్చు లారీల సంఖ్యను మిగులు శక్తితో భాగించి, దించు కాలముతో హెచ్చింపవలెను. 12 లారీలు వచ్చినచో మిగులు శక్తి 12. నిలుపు ఒక గంట. 18 వచ్చినచో మిగులు 6. నిలుపు 3 గంటలు. 21 వచ్చినచో 7 గంటలు. 22 వచ్చినచో 11 గంటలు. 23 వచ్చినప్పుడు మిగులు ఒక్కటే కావున నిలుపు 23 గంటలు! చివరి ఒక్క లారీ పెరుగుదలతో నిలుపు రెట్టింపునకు మించినది. 24 వచ్చినచో ఈ బారు నానాటికి పెరుగుటయే గాని ఒక హద్దున నిలువదు. ఇవి చాల దినములు ఒకే తీరున సాగినప్పటి సగటులు; కొద్ది వారముల కోతల కాలములో బారు అంతవరకు పెరుగకపోవచ్చును. కాని మిల్లులు రాత్రులందు సరుకు దించకున్నచో స్థితి ఇంతకన్న చెడును.

ఈ శాస్త్రమునకు పునాది వేసినవాడు డెన్మార్కు దేశస్థుడగు ఎర్లాంగు. అతడు కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో పనిచేయుచు, లైను దొరకక కాచుకొనియుండు వారి సమస్యను 1909 నుండి గణితముతో పరిశీలించినాడు. టెలిఫోను పిలుపునకును ధాన్యపు లారీకిని ఈ విషయమున భేదము లేదు.

ఇప్పుడు ఎన్ని లారీలు కావలెనో చూతము. 1961లో జాన్ లిటిల్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు నిరూపించిన నియమమొకటి కలదు: దినమునకు జరుగు ట్రిప్పుల సంఖ్యను ఒక ట్రిప్పునకు పట్టు దినములతో హెచ్చించినచో కావలసిన లారీల సంఖ్య వచ్చును. కేంద్రము వద్ద ఎక్కించుటకు 2 గంటలు, పోవుటకు వచ్చుటకు కలిసి 2 గంటలు, నిలుపు 23 గంటలు, దించుటకు ఒక గంట. మొత్తము 28 గంటలు. 23 ట్రిప్పులకు 27 లారీలు కావలెను. వానిలో సగటున 22 లారీలు మిల్లు వాకిట ఊరకనే నిలిచియుండును!

రోడ్డు బాగుచేసి లారీల వేగమును రెట్టింపు చేసినామనుకొందము. ఒక గంట కలిసివచ్చును. 27 బదులు 26 లారీలు చాలును. అంతే. అట్లుగాక మరి నలుగురు హమాలీలను పెట్టియో, బస్తాలను మోయుటకు బదులు బెల్టుపై నడిపించియో దించు కాలమును 60 నిమిషముల నుండి 50కి తగ్గించినామనుకొందము. మిల్లు శక్తి దినమునకు 28.8 లారీలగును. నిలుపు 23 గంటల నుండి సుమారు 3 గంటల 18 నిమిషములకు దిగును. ట్రిప్పు మొత్తము 8 గంటలకు కొంచెము మించును. 8 లారీలు చాలును. పది నిమిషముల పొదుపు పందొమ్మిది లారీలను విడిపించినది. మొదటి స్థితిలో మరి పది లారీలను తెచ్చినచో అవి బారు చివర చేరుట తప్ప వేరు ఫలము లేదు. ఫలానా గంటకు రమ్మని టోకెను ఇచ్చుటయు ఈ దృష్టిలో మంచి ఉపాయమే. అది రాకలోని అక్రమమును తగ్గించును.

పెద్ద రవాణాలలో జరిగిన మేలైన మార్పులు పెక్కు ఈ దారినే వచ్చినవి. 1956 ఏప్రిల్ 26న మెక్లీన్ అను అమెరికను లారీల యజమాని 58 పెద్ద ఇనుప పెట్టెలను ఐడియల్ ఎక్స్ అను ఓడపై నెవార్కు నుండి హ్యూస్టనుకు పంపినాడు. ఓడ వేగము పెరుగలేదు. సరుకును విడివిడిగా ఎక్కించుట పోయి పెట్టెను ఎక్కించుట వచ్చినది. టన్నుకు అయిదు డాలర్లకు మించిన ఎక్కింపు ఖర్చు 16 సెంట్లకు దిగినది.

మన రామగుండము తాపవిద్యుత్ కేంద్రమునకు సింగరేణి బొగ్గును తెచ్చు రైలు విధానము ఇంకను చక్కని ఉదాహరణము. గనికిని కేంద్రమునకును మధ్య ప్రత్యేకముగా వేసిన పట్టాలపై ఒకే బండి మరల మరల తిరుగుచుండును. వ్యాగన్ల అడుగున తలుపులుండును. బండి గోతిపైకి రాగానే అవి తెరచుకొని బొగ్గు క్రిందికి జారిపోవును. వ్యాగనును ఒక్కొక్కటిగా బోర్లించు ఇతర కేంద్రములతో పోల్చినచో ఎంత కాలము మిగులునో ఊహింపవచ్చును. మన గూడ్సు బండ్ల సగటు వేగము చాల కాలము గంటకు 25 కిలోమీటర్ల ప్రాంతముననే నిలిచిపోవుటకు కారణము ఇంజను బలహీనత కాదు. ప్రయాణికుల బండ్లకు దారి యిచ్చుచు లూపు లైనులలో నిలిచియుండుటయే ముఖ్యకారణము. అందుకే లూధియానా నుండి సోన్‌నగర్ వరకు 1337 కిలోమీటర్ల మార్గమును గూడ్సు బండ్లకే వేరుగా వేసినారు.

ఉపాధ్యాయులు తరగతిలో దీనిని ఒక పాచికతో చూపవచ్చును. ఒక్కొక్క పందెము ఒక్కొక్క గంట. 1 లేక 2 పడినచో లారీ రాలేదు. 3, 4, 5 పడినచో ఒకటి వచ్చినది. 6 పడినచో రెండు వచ్చినవి. ప్రతి గంటకు, ఉన్నచో ఒక లారీ ఖాళీయగును. నూరు పందెములు వేసి, మిగిలిన లారీల సంఖ్యను గ్రాఫు కాగితముపై గుర్తింపుడు. పిమ్మట 2 పడినను ఒక లారీ వచ్చినట్లు మార్చి మరి నూరు పందెములు వేయుడు. రెండవ గీత మొదటిదానికన్న ఎంత ఎత్తున తిరుగునో, అది ఎన్ని గంటలకు సున్నను తాకునో పిల్లలచేతనే లెక్కింపజేయుడు.