అశోక్ నగర్ గాలిలో ఎంత నీరుంది?

హైదరాబాద్ అశోక్ నగర్‌లో పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న హాస్టల్ గది ఒకటి తీసుకుందాం. ఆగస్టు మధ్యాహ్నం, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, గాలిలో తేమ 70 శాతం. కంటికి కనిపించకుండా ఆ గది గాలిలో ఉన్న నీరు దాదాపు 600 గ్రాములు. అంటే అర లీటరు పైమాటే.

ఏసీ వేసి గదిని 24 డిగ్రీలకు, తేమను 50 శాతానికి దించితే గాలిలో మిగిలేది 300 గ్రాములే. తక్కిన 300 గ్రాములు గొట్టంలోంచి సందులోకి కారిపోతాయి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునేవాళ్లు భూగోళశాస్త్రంలో చూసే సాంద్రీకరణం ఇదే. ఆకాశంలో మేఘం పుట్టేదీ ఇలాగే. గాలిని చల్లబరిచే పద్ధతి ఒక్కటే వేరు.

30 గ్రాములు

ఒక ఘనపు మీటరు చోటులో ఉండగల ఆవిరికి ఓ హద్దుంది. 40 డిగ్రీల దగ్గర అది 51 గ్రాములు, 30 దగ్గర 30, 20 దగ్గర 17, 10 దగ్గర 9. పది డిగ్రీలు తగ్గితే చాలు, హద్దు దాదాపు సగానికి పడిపోతుంది.

మన ఆగస్టు గాలిలో ఉన్నది 21 గ్రాములు. ఆ గాలిని చల్లబరుస్తూ పోతే 24 డిగ్రీల దగ్గర హద్దు తగులుతుంది. తుషార స్థానం అంటే అదే. అక్కడి నుంచి ఇంకొంచెం చల్లబడినా అదనపు ఆవిరి నీరై తీరాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా నిమిషంలో తడిసిపోయేది ఇందుకే.

నారాయణగూడలో చాయ్ కప్పు మీద తెల్లగా లేచేదాన్ని ఆవిరి అంటాం. నిజానికి ఆవిరి కనిపించదు. ఆ తెలుపు అప్పటికే నీరైన సన్నని బిందువులది. మేఘం తెలుపూ అంతే.

750 మీటర్లు

ఎండకు వేడెక్కిన నేల మీది గాలి పైకి లేస్తుంది. పైకి పోయేకొద్దీ ఒత్తిడి తగ్గి, గాలి వ్యాకోచించి, కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. తుషార స్థానం కూడా కిలోమీటరుకు 2 డిగ్రీల దాకా దిగుతుంది. రెండింటి మధ్య తేడా కిలోమీటరుకు 8 డిగ్రీలు తగ్గుతుందన్నమాట. అంటే డిగ్రీకి 125 మీటర్లు.

ఆగస్టులో తేడా 6 డిగ్రీలు. 6ను 125తో గుణిస్తే 750 మీటర్లు. మేఘం అడుగు భాగం అక్కడ మొదలవుతుంది. మే నెలలో 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉంటే తుషార స్థానం 13 డిగ్రీలు, తేడా 27. మేఘం కట్టాలంటే గాలి దాదాపు 3,400 మీటర్లు ఎక్కాలి. అంత ఎత్తు నుంచి రాలిన చినుకుల్లో చాలావరకు దారిలోనే ఆరిపోతాయి.

0.1 మైక్రాన్

చల్లబడినంత మాత్రాన సరిపోదు, నీరు పట్టుకోవడానికి ఏదో ఒక రేణువు ఉండాలి. 1880లో స్కాట్లాండ్ శాస్త్రవేత్త జాన్ ఐట్కెన్ రెండు పాత్రల్లోకి ఆవిరి పంపాడు. మామూలు గాలి ఉన్న పాత్రలో తెల్లటి మంచు కమ్మింది. దూదితో వడగట్టిన గాలి ఉన్న పాత్ర తేటగానే ఉండిపోయింది. దుమ్ము లేని గాలిలో తేమ కొన్ని వందల శాతానికి చేరితే గానీ బిందువు పుట్టదు. సముద్రపు ఉప్పు, నేల దుమ్ము, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బండ్లు వదిలే పొగ, వీటిలోని 0.1 మైక్రాన్ రేణువులే మేఘానికి విత్తనాలు.

10 లక్షలు

మేఘ బిందువు వ్యాసం సుమారు 20 మైక్రాన్లు. అది పడే వేగం సెకనుకు ఒక సెంటీమీటరు పైచిలుకు. 750 మీటర్లు దిగాలంటే 17 గంటలు పడుతుంది, ఈలోగా ఆరిపోతుంది. రెండు మిల్లీమీటర్ల వాన చినుకైతే రెండు నిమిషాల్లో నేలను తాకుతుంది. అలాంటి ఒక్క చినుకు కావాలంటే 10 లక్షల బిందువులు కలవాలి. మేఘాలన్నీ కురవకపోవడానికి ఒక కారణం ఈ లెక్కే.

241.5 మిల్లీమీటర్లు

2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో 24 గంటల్లో కురిసిన వాన ఇది. హుస్సేన్‌సాగర్ మిగులు నీటిని మూసీకి మోసే నాలా పొంగి అశోక్ నగర్, దోమలగూడ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. 100 గజాల డాబా మీద ఆ లెక్కన పడ్డ నీరు 20 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు.

వానాకాలంలో మన నెత్తి మీది గాలిలోని ఆవిరంతా కురిసినా 60 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. మిగతాది బంగాళాఖాతం వాయుగుండం తెచ్చిపోసింది. పైగా ఆవిరి నీరయ్యేటప్పుడు లీటరుకు 0.68 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి వదులుతుంది. ఆ రోజు ఒక్క చదరపు కిలోమీటరు మీద కురిసిన వాన వదిలిన వేడి 16 కోట్ల యూనిట్ల పైనే. మేఘాన్ని ఇంకా పైకి తోసి, మరింత ఆవిరిని లాక్కొచ్చే ఇంధనం ఈ గుప్తోష్ణమే.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ఆవిరి హద్దు 7 శాతం పెరుగుతుంది. హద్దు పెరిగేకొద్దీ కుండపోతలకు అందే నీరూ పెరుగుతుంది. నాలా మాత్రం తనంతట తాను వెడల్పు కాదు. అందుకే పూడికతీత లెక్కలు పాత వానలతో కాకుండా రాబోయే వానలతో వేయమని మన కార్పొరేటర్లను అడగాల్సింది ఎండాకాలంలోనే.